చక్రములు నేల తాకిన తరువాత

క్రిందటి నెల ఒక సహోదరి వద్ద నుండి మాకు ఉత్తరము వచ్చినది. వారి కుమారుడు మెకానికల్ ఇంజినీరింగు మూడవ సంవత్సరము చదువుచున్నాడు. విడిభాగములు తెప్పించుకొని ఇంటి ముందున్న షెడ్డులోనే కారు బిగించుకొంటానని పట్టుపట్టి కూర్చున్నాడట. "వద్దంటే మాట్లాడడము మానేస్తాడు. సరే అంటే మాకు కంటిమీద కునుకు ఉండదు. మీరేమంటారు?" అని ఆ తల్లి అడిగారు. వేదాంత విద్యలో డిప్లొమా పొందిన మమ్మును కారు సంగతి అడిగినందుకు మా ఇంటిలో అందరు నవ్వుకొన్నారు. అయితే 2019 వేసవిలో ఇంగ్లండులో ఒక తెలుగువారి ఇంట మేము రెండు వారములు బస చేసినప్పుడు, అట్టి కారుకు చివరి బిగింపు పని జరుగుచుండగా దగ్గరుండి చూచాము. గనుక చెప్పవలసినది కొంత ఉన్నది.

చదువరులలో చాలామందికి ఈ సంగతి క్రొత్తగా ఉండవచ్చును. కిట్ కారు అంటే కంపెనీ వారు చాసీని, ఇంజనును, గేరు బాక్సును, చక్రములను, దీపములను విడివిడిగా పెట్టెలలో పెట్టి పంపితే, కొన్నవారు తమ ఇంటిలోనే బిగించుకొనే కారు. దీనికి పుట్టినిల్లు బ్రిటన్ అని చెప్పవచ్చును. అక్కడ కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ కంపెనీ 1957లో సెవెన్ అనే చిన్న కారును తెచ్చినది. ఉక్కు గొట్టములతో అల్లిన చట్రము, దానిమీద అల్యూమినియం రేకు, ఇద్దరికి మాత్రమే చోటు. అప్పటిలో బిగించి అమ్మిన కారు మీద కొనుగోలు పన్ను ఉండెను, విడిభాగములుగా అమ్మితే ఆ పన్ను లేదు. ఎట్లు బిగించవలెనో తెలిపే పుస్తకము మాత్రము జతచేయరాదు. అందుకని ఎట్లు ఊడదీయవలెనో వ్రాసి ఇస్తే, జనులు దానిని వెనుకనుండి చదువుకొనేవారని ఒక కథ అక్కడ నేటికిని చెప్పుకొంటారు. నిజమెంతో గాని కథ మాత్రము బాగున్నది! 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చుటతో ఈ లాభము పోయినది. అదే సంవత్సరము ఆ కారు హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వచ్చినవి. పన్ను లాభము పోయినను ఇంటిలో బిగించుకొనే అలవాటు పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు కట్టుకొనవచ్చునని పుస్తకమే వ్రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్టు కారు నుండి ఇంజను మొదలైనవి తీసి, చట్రమును ఇంటిలోనే వెల్డింగు చేసుకొనే పద్ధతి అది. ఆ సొమ్ముతో నిజముగా పూర్తి చేసినవారు ఎందరో మేము చెప్పలేము గాని, ఆ పుస్తకము చదివి గ్యారేజీలో వెల్డింగు మొదలుపెట్టిన తండ్రులు చాలామంది.

ఇక ఆ సహోదరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పి వేస్తాము. మన దేశములో అట్టి కారు కట్టవచ్చును గాని రోడ్డు మీద నడుపుట కుదరదు. 1988 మోటారు వాహనముల చట్టము క్రింద వచ్చిన నిబంధనల ప్రకారము, ఒక మోడలు బండి రోడ్డెక్కవలెనంటే దాని నమూనా పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలో పరీక్ష నెగ్గవలెను. అది ఫ్యాక్టరీలకు సాధ్యము గాని ఒక విద్యార్థికి సాధ్యము కాదు. ఉన్న కారునే మార్చుకొందామా అంటే, కంపెనీ నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని అదే చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ ఆ మాటనే గట్టిగా చెప్పినది. అయితే బాబు ఉత్సాహమును చంపివేయనక్కరలేదు. ఇంజినీరింగు విద్యార్థులకు ఎస్.ఏ.ఇ. ఇండియా వారి బాహా అనే పోటీ 2007 నుండి ఉన్నది. ఇండోరు దగ్గర పీతంపూర్‌లో ఎక్కువగా జరిగినది. ఒక్కరు కూర్చునే బండిని విద్యార్థులే గీసుకొని, వెల్డింగు చేసుకొని, బిగించుకొని తీసుకొని వెళ్లవలెను. మన తెలుగు కాలేజీల జట్లు కూడ వెళ్లుచుంటాయి. బ్రేకు నొక్కగానే నాలుగు చక్రములును ఒక్కసారిగా బిగుసుకొని ఆగితే గాని బండిని పందెము లోనికి రానివ్వరు. తల్లులకు ఇంతకంటె మంచి వార్త ఏమున్నది?

ఇప్పుడు మేము చూచినది చెబుతాము.

ఆ ఇంటి యజమాని కంప్యూటరు ఉద్యోగి, ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు, పన్నెండేళ్ల కుమార్తె. వీరుగాక విజయవాడ నుండి వచ్చిన తండ్రిగారు. డెబ్బది దాటిన ఈ పెద్దాయన ఆటోనగర్‌లో నలుబది ఏండ్లు లారీలు బాగుచేసిన చేయి. కొడుకు ఆరు నెలలుగా శనివారములలో బిగించుకొంటూ వచ్చిన కేటర్‌హామ్ సెవెన్ ఆఖరి దశకు వచ్చినది. 1.6 లీటర్ల ఫోర్డ్ ఇంజను, బండి మొత్తము బరువు సుమారు 540 కిలోలు, అంటే ఒకప్పటి మన మారుతి 800 కన్న తక్కువ. చూచుటకు పూర్తి కారు వలెనే ఉన్నది. ముక్కు భాగము, దీపములు, సీట్లు, స్టీరింగు అన్నియు ఉన్నవి. మేమైతే ఇంక తాళము తిప్పుటే ఆలస్యము అనుకొన్నాము. "ఇప్పుడే అసలు పని అండీ" అన్నాడు ఆ సహోదరుడు.

ఆ మాట ఎంత నిజమో మరునాటి నుండి తెలిసినది. బ్రిటన్‌లో అమ్మకపు ప్రకటనలలో "తొంబది పాళ్లు పూర్తి అయిన కిట్ కారు" అని తరచుగా కనబడుతుందట. ఇంజను దింపిన రోజున ఇరుగుపొరుగు వారు చూడవస్తారు, ఫోటోలు తీస్తారు. ఆఖరున మిగిలేవి కంటికి కనబడని పనులు. ఎన్ని గంటలు చేసినను కారు నిన్నటివలెనే ఉంటుంది. అక్కడే మనుష్యులు విసుగుదురు, లేదా తొందరపడుదురు. విసిగినవాడు అమ్ముకొంటాడు, అతనికి నష్టము డబ్బు మాత్రమే. తొందరపడినవాడి ప్రక్క సీటులో ఎవరు కూర్చుంటారో ఆలోచించండి.

ఉదాహరణకు చక్రములను చాసీకి పట్టి ఉంచే చేతులు, అనగా సస్పెన్షను. వాటి చివరలలో రబ్బరు బుష్షులు ఉంటాయి. ఆ రబ్బరు లోపలి ఉక్కు గొట్టమునకు, వెలుపలి గొట్టమునకు అతుక్కొని ఉంటుంది. బండి గతుకులలో లేచి పడునప్పుడు రబ్బరే మెలితిరిగి మరల యథాస్థితికి వస్తుంది. కారును స్టాండ్ల మీద ఎత్తి ఉంచి పని చేయునప్పుడు చక్రములు క్రిందికి వ్రేలాడుతూ ఉంటాయి. ఆ స్థితిలో బోల్టులు పూర్తిగా బిగించితే రబ్బరు అక్కడనే కుదురుకొంటుంది. తరువాత కారును నేలకు దించగానే అది ఎల్లప్పుడు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చినిగిపోతుంది. కాబట్టి ముందు వదులుగా పెట్టి, చక్రములు నేల తాకిన తరువాత, మనిషి కూర్చున్నంత బరువు సీటులో ఉంచి, అప్పుడు బిగించవలెను. వారింట ఇరువది కిలోల బియ్యపు బస్తాలు నాలుగు ఉన్నవి. వాటిని డ్రైవరు సీటులో పేర్చారు! చక్రముల క్రింద మందపాటి చెక్కలు వేసి, ఆ కొద్ది సందులో వెల్లకిల పడుకొని కొడుకు బోల్టులు బిగించాడు. ఎనిమిది గంటల పని. అయిపోయిన తరువాత కారులో కనబడిన మార్పు ఏమియు లేదు.

టార్క్ రెంచి దగ్గర తండ్రీకొడుకులకు మాట వచ్చినది. ఎంత బలముతో బిగించవలెనో అంకె పెట్టుకొంటే, అంత బలము రాగానే ఈ రెంచి టక్కుమంటుంది. పెద్దాయనకు అది నచ్చలేదు. "నా చేతికి తెలియదట్రా?" అని మామూలు పానాతో ఒక బోల్టు బిగించి, "ఇప్పుడు చూసుకో" అన్నారు. కొడుకు రెంచి పెట్టగానే కదలకుండానే టక్కుమన్నది. పెద్దాయన మా వైపు చూచి మీసము దువ్వారు. కొడుకు మెల్లగా, "సరిపోయిందని మాత్రమే ఇది చెబుతుంది నాన్నా. ఎక్కువైందో లేదో చెప్పదు" అని, ఆ నట్టు వదులు చేసి, క్రొత్త నట్టు వేసి, మొదటి నుండి బిగించాడు. నైలాను కట్టు ఉన్న నట్లు ఒకసారి బిగించి విప్పితే పట్టు తగ్గునట, అందుకే క్రొత్తది. బిగించిన బోల్టు సాగిన స్ప్రింగు వంటిది. తగినంత సాగితే పట్టి ఉంచుతుంది, హద్దు దాటి సాగితే బలము కోల్పోయి ఎప్పుడో ఒకనాడు రోడ్డు మీద తెగుతుంది. లారీ పెద్ద బోల్టులు ఓర్చినంత ఈ చిన్న బోల్టులు ఓర్చవు. పెద్దాయన ఆలోచించి, "అయితే లెక్క ఎవరు పెడతారు?" అన్నారు. ఆ పని మనవరాలికి వచ్చినది. ఆ పిల్ల కాగితము చూచి బోల్టు పేరు, అంకె చదువుతుంది. తండ్రి రెంచి మీద అంకె పెట్టి, పైకి చదివి, బిగించుతాడు. టక్కుమని వినబడితేనే పిల్ల టిక్కు పెడుతుంది. తాతయ్య సన్నని కుంచెతో నట్టు మీదను బోల్టు మీదను కలిపి పసుపు రంగు గీత గీస్తారు. రేపు ఆ గీత విరిగి కనబడితే నట్టు కదిలినట్లు. బిగించినవాడే టిక్కు పెట్టుకొనకూడదు అన్న నియమము మాకు ఎంతో నచ్చినది. బిగించానని అనుకొనుట చాలా తేలిక.

కారు క్రిందికి దూరునప్పుడు జాకీని నమ్మి ఎవరును దూరలేదు. నాలుగు ఉక్కు స్టాండ్లు ఉండెను. పెద్దాయన వాటిని చేతితో ఊపి చూచి, "మేము ఇటుకలు పెట్టేవాళ్లం. ఇటుక పగిలి ఒక కుర్రవాడి చేయి పోయింది" అన్నారు. ఆ మాట తరువాత ఎవరును కొంచెము సేపు మాటలాడలేదు.

బ్రేకుల దగ్గరకు వచ్చుసరికి పెద్దాయన చేయి, కాదు, పాదము గెలిచినది. చాసీకి బ్రేకు గొట్టములు కంపెనీ వారే అమర్చి పంపుతారు. చక్రముల దగ్గర కలిపి, బ్రేకు ఆయిలు పోసి, లోపలి గాలి అంతా తీయుట మనవంతు. ఆయిలును నొక్కితే దాదాపు నలుగదు. గాలి నలుగుతుంది. గొట్టములో చిన్న బుడగ ఉన్నను మన పాదము బలము బుడగను నలుపుటకే పోతుంది గాని చక్రమును ఆపదు. ఒకరు పెడలు నొక్కి పట్టవలెను, మరొకరు చక్రము దగ్గరి చిన్న నిప్పిల్ విప్పి, బుడగలతో ఆయిలు రాగానే మూయవలెను. పెడలు వదలుట మూసిన తరువాతనే. లేకపోతే గాలి మరల లోపలికి పోతుంది. అన్నిటికంటె దూరమున్న వెనుక ఎడమ చక్రముతో మొదలుపెట్టి నాలుగును పూర్తి చేశారు. కొడుకు తానే పెడలు నొక్కి చూచి తృప్తిపడ్డాడు. పెద్దాయన కూర్చొని నొక్కి, "మెత్తగా ఉంది. ఇంకా గాలి ఉంది" అన్నారు. "లేదు నాన్నా, చూశాను కదా." "కళ్లతో చూశావు. కాలితో చూడు." మరల వెనుక ఎడమ చక్రము విప్పారు. చాలాసేపు శుభ్రమైన ఆయిలే వచ్చినది. తరువాత పారదర్శకపు గొట్టములో ఆవగింజంత బుడగ ఒకటి, దాని వెంబడి మరొకటి నడిచి వెళ్లినవి. ఆ తరువాత పెడలు రాయివలె ఆగినది. అప్పుడు పెద్దాయన ఒక నిమిషము పాటు బలముగా నొక్కి పట్టి ఉంచారు. పెడలు మెల్లగా దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుచున్నదని అర్థమట. దిగలేదు. బయటికి తీసిన ఆయిలును మరల పోయకుండ పారబోయుటకు వేరుగా పెట్టారు. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది, తేమ చేరిన ఆయిలు వేడికి త్వరగా ఆవిరై మరల బుడగలే అవుతుంది.

వైరింగు గురించి ఎక్కువ చెప్పము. ఒక దీపము వేస్తే మరొకటి మిణుకుమన్నది. చాసీకి వేసిన రంగు అడ్డుపడి ఎర్తింగు సరిగా అందలేదు. వైరు తగిలేచోట రంగు గీకి బిగించితే సరిపోయినది. ఇంజను మొదటిసారి తిప్పుటకు ముందు స్పార్క్ ప్లగ్గులు తీసివేసి, పెట్రోలు పంపు ఆపి, ఉత్త స్టార్టరుతో త్రిప్పారు. ఇంజనంతటికి ఆయిలు అందినట్లు మీటరు ముల్లు లేచిన తరువాతనే ప్లగ్గులు పెట్టారు. గ్యారేజీ తలుపులు బార్లా తెరచి, మంటలు ఆర్పే సిలిండరు దగ్గర పెట్టుకొని, తాళము తిప్పారు. ఆ చప్పుడుకు వీధి చివరి వారు కూడ వచ్చారు.

ఇప్పుడు ఆ ఇంటిలో కష్టమైన సంగతి వచ్చినది. ఆ రోజు మంగళవారము. పెద్దాయన విమానము గురువారము. ప్రభుత్వ పరీక్ష మరి పదకొండు రోజులకు. ఆయన కొడుకు కట్టిన కారులో ఒక్కసారి తిరిగి వెళ్లవలెనని అందరికిని ఆశ. కొడుకు, "రెండు వీధులు తిరిగి వచ్చేద్దాము నాన్నా, ఇంత ఉదయాన్నే ఎవరుంటారు?" అన్నాడు. భార్య ముఖము మేము చూచాము. ఆమె మామగారి ముందు మాటలాడలేక నిలుచున్నది. ఆమె ఆసుపత్రిలో ఏమేమి చూస్తుందో మనకు తెలియనిది కాదు. పెద్దాయన కారు చుట్టు ఒకసారి తిరిగి, "పరీక్ష కాని బండి, నంబరు లేని బండి. రోడ్డెక్కకూడదు" అన్నారు. "లారీ యజమానులు ఎంత తొందరపెట్టినా ఈ మాటే చెప్పాను. నీకు వేరే మాట చెబుతానా?" తరువాత ఆయన ప్రక్క సీటులో కూర్చున్నారు. కొడుకు ఇంటి ఆవరణలోనే ముప్పది అడుగులు ముందుకు, ముప్పది అడుగులు వెనుకకు నడిపాడు. ఆయన ప్రయాణము అంతే. గురువారము వెళ్లిపోయారు.

పరీక్ష సంగతి మాకు ఆ తరువాత ఉత్తరములో తెలిసినది. ఇట్టి ఒంటి బండ్లకు బ్రిటన్‌లో 1998లో ఒక పరీక్ష మొదలై, 2009లో ఐ.వి.ఏ. అనే ఇప్పటి పరీక్ష వచ్చినది. ప్రభుత్వ పరీక్షకుడు కొన్ని గంటల పాటు బ్రేకులు, స్టీరింగు, దీపములు, సీటు బెల్టులు, అద్దములు, పొగ, చప్పుడు, స్పీడోమీటరు అన్నియు చూస్తాడు. బయటికి పొడుచుకొని వచ్చిన అంచులను కూడ విడువడు. మనిషికి తగులగల అంచు కనీసము 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధముతో గుండ్రముగా ఉండవలెను. కారు తగిలినవాడు కూడ మనుష్యుడే అని ఆ నియమము గుర్తుపెట్టుకొన్నది. కొందరు రబ్బరు పట్టీలు, నట్లపై టోపీలు పెట్టి పరీక్ష నెగ్గి, మరునాడే అందము కొరకు వాటిని పీకి పారవేయుదురట. ఇది మాకు నచ్చలేదు. ఆ పట్టీ పరీక్షకుని కొరకు పెట్టినది కాదు గదా?

మన సహోదరుని కారు మొదటిసారి నెగ్గలేదు. ఒక క్లాంపు అంచు పదునుగా ఉన్నదనియు, ముందు దీపము కొంచెము ఎత్తుగా పడుచున్నదనియు వ్రాసి ఇచ్చారు. బ్రేకుల మీద ఒక్క మాట లేదు. పది రోజులలో సరిచేసి మరల తీసుకొని వెళ్తే సర్టిఫికేటు ఇచ్చారు, తరువాత నంబరు వచ్చినది. మొదట ప్రక్క సీటులో కూర్చున్నది భార్యే.

ఆ సాయంత్రమే విజయవాడకు ఫోను చేశారు. కొడుకు కారు ఎంత వేగముగా పోయినదో చెప్పబోయాడు. పెద్దాయన మధ్యలోనే ఆపి, "పెడలు ఎంత లోపలికి పోతోంది?" అని అడిగారు. చెప్పాడు. "సరే. అయిదు వందల మైళ్లు తిరిగాక గీతలన్నీ మళ్లీ చూడు. పిల్ల చేత చదివించి చూడు, నువ్వొక్కడివే చూడకు" అన్నారు.